కాలిఫోర్నియా అడల్ట్ స్కూల్లో చేరడం, అక్కడి సాయాన్ని పూర్తిగా వాడుకోవడం ఎలా?

మా అత్తయ్యను ఇంగ్లిష్ క్లాసులో చేర్పించిన రోజు ఆఫీసులో ఇచ్చిన ఫారం చివర కొన్ని గళ్ళు ఉన్నాయి. పిల్లల్ని ఎవరైనా చూసుకోవాలా, రాకపోకలకు ఇబ్బంది ఉందా, కంప్యూటర్ కావాలా, ఒంట్లో బాగోక ఏదైనా వెసులుబాటు కావాలా అని. ఆవిడ ఒక్కదానికీ టిక్కు పెట్టలేదు. “ఊరికే చదువు చెప్తున్నారు, మళ్ళీ ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారమ్మా” అన్నారు. మోకాళ్ళ నొప్పితో మూడు వారాలు రెయిలింగ్ పట్టుకుని మేడ మీది క్లాసుకి ఎక్కారు. నాలుగో వారం టీచరే చూసి, ఆఫీసుకి వెళ్ళి లిఫ్ట్ తాళం తెచ్చిచ్చింది. అది మొదటి రోజు నుంచీ కౌంటర్ వెనక మేకుకి వేలాడుతూనే ఉంది.

అలాంటి తాళాలు అక్కడ చాలా ఉంటాయి, అడిగితేనే ఇస్తారు. ఏం అడగాలో, ఎవర్ని అడగాలో, ఎప్పుడు అడగాలో చెప్తాను. నేనుండేది బే ఏరియాలో కాబట్టి ఉదాహరణలన్నీ కాలిఫోర్నియావే. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి పేర్లు, ఫీజులు మారతాయి.

ముందు మీకు సరిపోతుందా చూసుకోండి

అడల్ట్ స్కూల్ అంటే ఎక్కువగా ఊళ్ళోని స్కూల్ డిస్ట్రిక్టే పెద్దవాళ్ళ కోసం నడిపే బడి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1856లో ఒక చర్చి నేలమాళిగలో రాత్రి క్లాసులుగా ఈ పద్ధతి మొదలైంది. ఇప్పుడు మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్, మిల్పిటాస్, శాంటా క్లారా లాంటి ఊళ్ళన్నిటికీ ఇలాంటి బడి ఉంది. 18 ఏళ్ళు దాటితే చాలు. ఇంగ్లిష్, సిటిజన్‌షిప్ క్లాసులకు ఫీజు ఉండదు. కమ్యూనిటీ కాలేజీల్లో నాన్‌క్రెడిట్, అంటే డిగ్రీ లెక్కలోకి రానివి, ఆ పేరుతో జరిగే ఇంగ్లిష్ క్లాసులూ ఉచితమే. కానీ బొత్తిగా మొదటి నుంచి నేర్చుకునేవాళ్ళకి కాలేజీ ప్రాంగణం కన్నా ఈ చిన్న బడే నయమని నా అనుభవం. పార్కింగూ దగ్గరే, ఆఫీసూ దగ్గరే, రెండో వారానికల్లా అందరికీ మీ మొహం గుర్తుంటుంది.

హెచ్-4, ఎల్-2 లాంటి డిపెండెంట్ వీసాల మీద చదువుకోవచ్చు. గ్రీన్‌కార్డు వాళ్ళు, సిటిజన్లు సరేసరి. ఆర్నెల్లకని విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను మాత్రం చేర్పించకండి. బి-2 మీద ఉన్నవాళ్ళు కోర్సులో చేరకూడదు. లైబ్రరీలో జరిగే ఇంగ్లిష్ కన్వర్జేషన్ క్లబ్బుకి పంపండి, కాలక్షేపమూ అవుతుంది. ఎఫ్-1 స్టూడెంట్లకు ప్రభుత్వ డబ్బుతో నడిచే అడల్ట్ స్కూల్లో చేరే వీలు 1996 చట్టంతోనే పోయింది. ఇంకో సంగతి, అడల్ట్ ఎడ్యుకేషన్‌కి ఇచ్చే ఫెడరల్ నిధులు ఎవరికి వర్తిస్తాయన్నదానికి 2025 జులైలో ఫెడరల్ విద్యాశాఖ కొత్త అర్థం చెప్పింది, దాని మీద రాష్ట్రాలు కోర్టుకెళ్ళాయి. అందుకని పక్కింటి వదిన మూడేళ్ళ కింద చేరింది కదా అని ధీమాగా ఉండకండి. ముందు ఒకసారి ఫోన్ చేసి, మీ పేరు చెప్పాల్సిన పని కూడా లేదు, ఫలానా వీసా వాళ్ళు చేరవచ్చా అని అడగండి.

“ఫ్రీ సర్వీసులు వాడుకుంటే రేపు గ్రీన్‌కార్డుకి అడ్డం వస్తుందేమో” అన్న భయం మన వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతుంది. ప్రభుత్వ సాయం మీదే బతుకుతారేమో అని గ్రీన్‌కార్డుకి ముందు చూసే లెక్కని పబ్లిక్ చార్జ్ అంటారు. దాని మీద 2022లో వచ్చిన నిబంధన చూసేది ముఖ్యంగా నెలనెలా ప్రభుత్వం చేతికిచ్చే డబ్బు సాయాన్ని. అడల్ట్ స్కూల్లో చదువుకోవడం దాని లెక్కలోకి రాదు. ఆ నిబంధనను మార్చే ప్రతిపాదన 2025లో వచ్చింది కాబట్టి, చదువు కాకుండా డబ్బు రూపంలో ఏదైనా తీసుకునే ముందు మాత్రం లాయర్ని అడగండి.

ఫారం మీ చేత్తో నింపండి

పాస్‌పోర్టు, చిరునామా తెలిపే ఒక బిల్లు పట్టుకెళ్తే చాలు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని వెనక్కి రాకండి, ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి పేరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడం మామూలే. అలాంటివాళ్ళకి అమెరికా వీసా మీద ఉన్న పేరంతా చివరి పేరైపోయి, మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. హాజరు పిలిచేటప్పుడు టీచరు “ఫ్నూ? ఈజ్ ఫ్నూ హియర్?” అంటుంటే, నన్నే పిలుస్తున్నారని తెలియక నేను దిక్కులు చూస్తూ కూర్చున్నాను. రికార్డులో పాస్‌పోర్టు ప్రకారమే ఉండనివ్వండి, రేపు సర్టిఫికెట్ దాంతోనే సరిపోలాలి. పిలిచే పేరు వేరే రాసుకోమని మొదటి రోజే చెప్పండి, దానికి విడిగా గడి ఉంటుంది.

రెండోది ఫోన్ నంబరు, ఈమెయిల్. చాలా ఇళ్ళలో ఈ ఫారం భర్తగారో కొడుకో నింపేస్తారు, అలవాటుగా వాళ్ళ నంబరే రాసేస్తారు. ఇక పరీక్ష తేదీ, క్లాసు రద్దయిన మెసేజ్, కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ అన్నీ ఆఫీసులో మీటింగ్‌లో ఉన్న ఆయన ఫోనుకి వెళ్తాయి. మీకు సాయంత్రం తెలుస్తుంది, లేకపోతే తెలియనే తెలియదు. మీకంటూ ఈమెయిల్ లేకపోతే చేరే ముందు రోజు ఒకటి పెట్టుకోండి.

లెవెల్ టెస్టుకి టెన్షన్ వద్దు, కళ్ళజోడు మర్చిపోవద్దు

చేరగానే కాసాస్ అనే పరీక్ష పెడతారు. చదివి అర్థం చేసుకోవడం ఒకటి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని జవాబు గుర్తించడం ఇంకోటి. బస్సు టైంటేబుల్, మందు సీసా మీది లేబుల్, అద్దె ప్రకటన, ఇలాంటివే ప్రశ్నలు. ఇది పాస్, ఫెయిల్ పరీక్ష కాదు. వచ్చిన మార్కును బట్టి మొదటి మెట్టు నుంచి అడ్వాన్స్‌డ్ దాకా ఒక లెవెల్లో వేస్తారు.

మనకి మామూలుగా వచ్చే చిక్కేమిటంటే, ఇంగ్లిష్ మీడియంలో చదివి చదవడంలో మంచి మార్కు తెచ్చుకుంటాం, వినడంలోనూ మాట్లాడడంలోనూ వెనకబడతాం. దాంతో పై క్లాసులో వేస్తారు, అక్కడ నోరు పెగలదు. వారం చూసి ఇబ్బందిగా ఉంటే క్లాసు మార్చమనండి, మారుస్తారు. కింది క్లాసుకి వెళ్ళడం నామోషీ అనుకుని మానేసినవాళ్ళను చూశాను. మానేయడం కన్నా మారడం మేలు కదా.

కౌన్సెలర్ దగ్గర ఏం మాట్లాడాలి

అసలు విషయం ఇక్కడే ఉంది. అడల్ట్ స్కూల్లో టీచర్లు కాక ఒక కౌన్సెలర్ ఉంటారు, కొన్నిచోట్ల ట్రాన్సిషన్ స్పెషలిస్ట్ అని పిలుస్తారు. పిల్లల ఏర్పాటు, లాప్‌టాప్, ఉద్యోగం, కాలేజీ, లాయరు, అన్నీ ఆ ఒక్క బల్ల మీదుగానే నడుస్తాయి. మొదటి నెలలో ఎలాగైనా అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మన ఇంటికి ఎవరైనా వచ్చి, “కాఫీ తాగుతారా” అని అడిగితే ఏమంటారు? “అబ్బే, ఇప్పుడే తాగి వచ్చామండీ” అంటారు. మనం మళ్ళీ అడుగుతాం, వాళ్ళు మళ్ళీ వద్దంటారు, మూడోసారి గ్లాసు చేతిలో పెట్టేస్తాం. మొదటి వద్దు అసలు వద్దు కాదని ఇద్దరికీ తెలుసు. ఇక్కడి ఆఫీసులో మాత్రం ఒక్కసారే అడుగుతారు. “ఎనీథింగ్ ఎల్స్ ఐ కెన్ హెల్ప్ యు విత్?” అంటే మనం నవ్వి, “నో నో, ఐ యామ్ ఓకే” అంటాం. ఆవిడ ఓకే అని రాసుకుని ఫైలు మూసేస్తుంది. మర్యాద తక్కువై కాదు, మన మాటకు విలువిచ్చి. అందుకే అడగాల్సినవి ముందే ఒక కాగితం మీద మూడు ముక్కలు రాసుకెళ్ళండి. మాట రాకపోతే కాగితమే ఆమె ముందుకు జరపండి. మా అత్తయ్య చేత రెండోసారి అదే చేయించాను. “మోకాళ్ళ నొప్పి, పెద్ద అక్షరాలు కావాలి, బస్సు” అని ఇంగ్లిష్‌లో మూడు లైన్లు. పావుగంటలో మూడూ తేలిపోయాయి.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది, “వాట్ ఈజ్ యువర్ గోల్?” అని. “టు ఇంప్రూవ్ మై ఇంగ్లిష్” అన్నారా, మిమ్మల్ని క్లాసుకి పంపి ఊరుకుంటారు, ఎందుకంటే దానికి అంతకన్నా చేయగలిగింది లేదు. దాని బదులు మీ జీవితంలో ఇంగ్లిష్ ఎక్కడ అడ్డం పడుతోందో అది చెప్పండి. “మా అబ్బాయి టీచర్ మీటింగుకి ఆయన లేకుండా నేనే వెళ్ళి మాట్లాడాలి” అంటే కుటుంబాల కోసం నడిపే క్లాసు చూపిస్తారు. “బీకాం చదివాను, హన్మకొండలో నాలుగేళ్ళు అకౌంట్లు చూశాను, ఇక్కడా అదే పని చేయాలి” అంటే క్విక్‌బుక్స్ కోర్సు, డిగ్రీ మదింపు, కాలేజీ దారి బయటకు వస్తాయి. “ఫార్మసీకి ఒంటరిగా వెళ్ళి మందులు తెచ్చుకోవాలి” అన్నా సరే, అది చిన్న గోల్ కాదు.

మాటే రానివాళ్ళ కోసం ఫోన్ మీద దుభాషిని కలిపే ఏర్పాటు చాలా స్కూళ్ళలో ఉంటుంది. మనల్ని చూసి హిందీ అనుకుంటారు. “నాట్ హిందీ, తెలుగు” అని చెప్పి స్పెల్లింగ్ కూడా చెప్పండి. ఇంట్లో వాళ్ళని దుభాషిగా తీసుకెళ్ళవచ్చు, కానీ అత్తగారి కష్టాలు కోడలి ముందు, భార్య కష్టాలు భర్త ముందు అన్నీ బయటకు రావు. మొదటిసారికి వాళ్ళు, తర్వాత దుభాషి.

పిల్లలు, ఒళ్ళు, బస్సు, లాప్‌టాప్

చిన్నపిల్లలు ఉంటే, పొద్దుటి క్లాసుల సమయంలో పిల్లల గది నడిపే స్కూళ్ళు కొన్ని ఉన్నాయి. సీట్లు తక్కువ, క్లాసు సీటు దొరికిన రోజే దీని గురించీ అడగాలి. లేదంటే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి. కొన్ని అడల్ట్ స్కూళ్ళు తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చునే ప్రీస్కూల్ నడుపుతాయి. దానికి ఫీజు ఉంటుంది గానీ ప్రైవేటు డేకేర్‌తో పోలిస్తే తక్కువ, పైగా నాలుగు ఇంగ్లిష్ ముక్కలు తోటి అమ్మలతోనే వస్తాయి.

చూపు, వినికిడి, మోకాళ్ళు, షుగర్, ఏదైనా సరే అది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504, 1990లో వచ్చిన ఏడీఏ చట్టం ప్రకారం వైకల్యం వల్ల ఇబ్బంది పడేవాళ్ళకి స్కూలు తగిన వెసులుబాటు ఇవ్వాలి. పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, పరీక్షకి అదనపు సమయం, కింది అంతస్తు గది, మధ్యలో లేచి ఏదైనా తినే వీలు. “అకామడేషన్” అన్న మాట వాడండి, ఆఫీసులో వెంటనే అర్థమవుతుంది. డాక్టర్ చీటీ అడిగితే ఇవ్వండి.

బస్సుకి, 65 దాటినవాళ్ళకి సీనియర్ క్లిప్పర్ కార్డు ఉంటే బే ఏరియాలో టికెట్టు సగం లేదా ఇంకా తక్కువ. క్రోమ్‌బుక్కు ఇంటికి తీసుకెళ్ళే ఏర్పాటు చాలా స్కూళ్ళలో ఉంది, వైఫై పరికరం కూడా ఇస్తారేమో అడగండి.

టర్ము చివరి పరీక్ష ఎగ్గొట్టకండి

హెచ్-4 మీద వచ్చిన కొత్తలో నేను చేసిన తప్పు ఇది. టర్ము అయిపోవచ్చే వారం పాపకి జ్వరం, మళ్ళీ పెట్టే కాసాస్ రాయలేదు. ఎలాగూ ఉత్తుత్తి పరీక్షే కదా అనుకున్నాను. తర్వాతి టర్ములో చూస్తే నా పేరు పాత లెవెల్లోనే ఉంది, కొత్త స్కోరు లేదు కాబట్టి. మళ్ళీ అదే పుస్తకం, అదే ప్రెజెంట్ పర్ఫెక్ట్.

ఇందులో మనకు కనిపించని ఇంకో లెక్క కూడా ఉంది. కాలిఫోర్నియాలో ఈ స్కూళ్ళకి వచ్చే ఫెడరల్ డబ్బు విద్యార్థుల ప్రగతిని బట్టి లెక్కకడతారు. కనీసం 40 గంటలు క్లాసులో కూర్చున్నాక మళ్ళీ పరీక్ష రాసి మీ స్కోరు పెరిగితే, ఆ పెరుగుదల మీ స్కూలుకి పాయింటు. అంటే పిల్లల గదికీ, కౌన్సెలర్ జీతానికీ మీరు కట్టే ఫీజు ఒక రకంగా ఆ రెండో పరీక్షే. ఆ రోజు కుదరకపోతే, ముందే చెప్పి వేరే రోజు రాయండి. మేకప్ టెస్ట్ అని అడగాలి.

డిగ్రీ, ఉద్యోగం

ముందు వర్క్ పర్మిట్ సంగతి తేల్చుకోండి. హెచ్-4 వాళ్ళలో కొందరికి ఉద్యోగానుమతి ఇచ్చే నిబంధన 2015 మేలో అమల్లోకి వచ్చింది. అందరికీ రాదు, భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు దరఖాస్తు ఏ మెట్టులో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈఏడీ, అంటే ఆ ఉద్యోగానుమతి కార్డు, లేకుండా కోర్సు చదవవచ్చు, పని చేయకూడదు. మెడికల్ అసిస్టెంట్ లాంటి కోర్సుల్లో చివర ప్రాక్టికల్ పని ఉంటుంది, అది మీ వీసాకి కుదురుతుందా అని ఫీజు కట్టక ముందే అడగండి. ఈ వృత్తి కోర్సులకు ఇంగ్లిష్ క్లాసుల్లా కాక ఫీజు ఉంటుంది.

మన డిగ్రీని ఇక్కడి లెక్కలోకి మార్చడానికి ఎన్ఏసీఈఎస్ అనే మదింపు సంస్థల సంఘంలో సభ్యత్వం ఉన్న సంస్థ చేత మదింపు చేయించాలి. మూడేళ్ళ బీఏ, బీకాం, బీఎస్సీలను కొన్ని సంస్థలు నాలుగేళ్ళ డిగ్రీకి సమానంగా లెక్కించవు. అందుకే ఏ కాలేజీకి, ఏ ఉద్యోగానికి కావాలో ముందు తేల్చుకుని, వాళ్ళు ఏ సంస్థ రిపోర్టు ఒప్పుకుంటారో కౌన్సెలర్ చేత కనుక్కోండి. కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ప్రొవిజనల్, ఓడీ మూడూ దగ్గరుంచుకోండి. యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవరులో ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించడం ఒక యజ్ఞం. ఇండియా వెళ్ళినప్పుడు ఆ పని పెట్టుకుంటే మంచిది, ఇక్కణ్ణుంచి తమ్ముణ్ణి తిప్పితే నెలలు పడుతుంది.

చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళు అదే స్కూల్లో హైస్కూల్ డిప్లొమా చేయవచ్చు, లేదా హైస్కూల్ డిప్లొమాకి సమానమైన జీఈడీ పరీక్షకి తయారవచ్చు. అది నాలుగు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 145 వస్తే పాస్.

పెద్దవాళ్ళ సిటిజన్‌షిప్

గ్రీన్‌కార్డు వచ్చి మామూలుగా అయిదేళ్ళు నిండితే ఎన్-400 అనే సిటిజన్‌షిప్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్ పరీక్ష భయంతోనే చాలామంది పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి ఆగిపోతారు, అవసరం లేకపోయినా. దరఖాస్తు పెట్టే నాటికి 50 ఏళ్ళు దాటి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్ళు ఉన్నవాళ్ళకి, లేదా 55 దాటి 15 ఏళ్ళు ఉన్నవాళ్ళకి ఇంగ్లిష్ పరీక్ష లేదు. చరిత్ర, ప్రభుత్వం ప్రశ్నలకి తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. దుభాషిని మనమే తీసుకెళ్ళాలి. 65 దాటి 20 ఏళ్ళు ఉంటే ఇంకా సులువు, 20 ప్రశ్నల చిన్న జాబితా చదువుకుంటే చాలు, అందులోంచి 10 అడుగుతారు, 6 చెప్పాలి.

మిగతావాళ్ళకి పరీక్ష ఈమధ్యే మారింది. 2025 అక్టోబరు 20న గానీ ఆ తర్వాత గానీ దరఖాస్తు పెట్టినవాళ్ళకి 128 ప్రశ్నల జాబితా, అందులో 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. పాతది 100 ప్రశ్నల జాబితా, 10కి 6. ఇంట్లో మేనల్లుడు వాడిన పాత పుస్తకం ఉందని అదే చదివించకండి.

క్లాసులో టీచర్లు ఇంటర్వ్యూ ఆఫీసర్లా కూర్చుని ప్రాక్టీసు చేయిస్తారు, అది బంగారం లాంటిది. కానీ ఫారం మీద న్యాయ సలహా టీచర్లు ఇవ్వకూడదు. దానికోసం న్యాయశాఖ గుర్తింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థల జాబితా కౌన్సెలర్ దగ్గర అడగండి. మాకు తెలిసిన ఒక పెద్దాయనకి ఎవరో “నేను ఫారాలు నింపుతాను అంకుల్” అని డబ్బు తీసుకుని, ఇండియాలో ఎక్కువ నెలలు ఉన్న ప్రయాణాన్ని రాయకుండా వదిలేశాడు. ఇంటర్వ్యూలో ఆయనే సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి ఎన్-400 ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760. ఆదాయం తక్కువున్నవాళ్ళకి 380 డాలర్ల తగ్గింపు ఫీజు ఉంది, పంపే ముందు అదీ కనుక్కోండి.

ఇంట్లో ఇబ్బంది ఉంటే

ఇది రాయడానికి కాస్త సంకోచించాను. డిపెండెంట్ వీసా మీద వచ్చి, కారు రాక, చేతిలో డబ్బు లేక, ఇంట్లో మాటో చెయ్యో పడుతున్నవాళ్ళు ఆ క్లాసుల్లో ఉంటారు. ఫెడరల్ నిధులు తీసుకునే స్కూళ్ళలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, 18 దాటిన విద్యార్థి రికార్డులు ఆ విద్యార్థివే. మీరు ఒప్పుకోకుండా మీ హాజరు, మీ మార్కులు, మీ ఫైలు భర్తకి గానీ అత్తమామలకి గానీ ఇవ్వకూడదు. ఇల్లు సురక్షితంగా లేదు అన్న మాట కౌన్సెలర్‌తో అంటే చాలు, దారి చూపిస్తారు. బే ఏరియాలో దక్షిణాసియా కుటుంబాల కోసం మైత్రి అనే సంస్థ 1991 నుంచి పనిచేస్తోంది. ఫోన్ చూసేవాళ్ళుంటే స్కూలు ఫోన్ నుంచే చేయనివ్వమని అడగండి.

లేదు అన్నప్పుడు, సెలవులప్పుడు

కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ళకి అన్నీ తెలియవు. “వుయ్ డోంట్ హావ్ దట్” అంటే, “హూ కెన్ ఐ ఆస్క్?” అనండి. ఈ ఒక్క వాక్యం వచ్చినా చాలు. స్కూల్లో లేనిది బయట ఉంటే 211కి ఫోన్ చేయమంటారు. అద్దె, తిండి, వైద్యం లాంటి స్థానిక సాయాల వివరాలు అక్కడ చెప్తారు, అక్కడా దుభాషిని అడగవచ్చు.

జూన్‌లో చాలా స్కూళ్ళు మూతపడతాయి, వేసవి క్లాసులు ఉన్నా తక్కువే. మే నెలలోనే కౌన్సెలర్ని కలిసి, ఆగస్టు రిజిస్ట్రేషన్ ఏ తేదీన తెరుస్తారో రాయించుకోండి, పొద్దుటి క్లాసులు త్వరగా నిండిపోతాయి. క్రోమ్‌బుక్కు వేసవంతా ఉంచుకోవచ్చా అని అప్పుడే అడగండి. ఉంచుకోనిస్తే శాక్రమెంటో కౌంటీ విద్యా కార్యాలయం నడిపే యూఎస్ఏ లెర్న్స్ సైటు ఉచితం, మీ లెవెల్ నుంచే మొదలుపెట్టవచ్చు. చార్జరు మాత్రం మర్చిపోకుండా అడిగి తీసుకోండి, మా అత్తయ్యకి మొదటిసారి అది లేకుండానే ఇచ్చారు.